మూడువందల ముద్ర, నాలుగువందల యాభై నడక



మొన్న భోగికి ముందు ఇల్లు దులుపుకొంటూ ఉంటే అటక మీది అట్టపెట్టెలో ఒక పాత ప్రాసెసరు బయటపడింది. నేటి ప్రాసెసర్లలాగా చదరపు బిళ్ళ కాదది. అరచేయంత పొడవున్న ఆకుపచ్చని పలక. ఒక ముఖాన అల్యూమినియం రెక్కలు, అడుగు అంచున బంగారు పూత పూసిన సన్నని పళ్ళవరుస. ఆ పళ్ళలో ఒకదానిమీద సన్నని సెల్లోటేపు ముక్క, ఇరవైయేళ్ళు దాటినా ఊడకుండా అంటుకొని ఉన్నది. "దీనికి దెబ్బ తగిలిందా తాతయ్యా, కట్టు కట్టావు?" అని మనవడు అడిగాడు. దెబ్బ దానికి కాదు, నాకు తగిలిందని చెప్పి ఊరుకున్నాను. వాడికి చెప్పని మిగతా కథ ఇది.

ఆ పలక ఇంటెల్ సంస్థవారి సెలెరాన్ 300ఏ. దానిమీద అచ్చయిన వేగం 300 మెగాహెర్ట్జ్. లోకంలో ఎందరో దానిని 450 మీద నడిపారు. ముద్రించిన వేగాన్ని మించి నడపడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. దీనికొక తెలుగు మాట కల్పిద్దామని పండితుణ్ణయినందుకు చాలాసార్లు ప్రయత్నించాను. 'అతిలయ' అన్నాను, 'ద్రుతీకరణం' అన్నాను. రెండూ నాకే నచ్చలేదు కనుక వాడుకలో ఉన్న మాటనే ఉంచుతున్నాను.

ప్రాసెసరుకు తాళం వేసేది మదర్‌బోర్డు మీద ఉండే ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. భజనలో తాళపు దెబ్బకూ దెబ్బకూ నడుమ పాడేవాడు తన మాట ముగించుకొన్నట్లు, లోపలి విద్యుత్సంకేతాలన్నీ ఒక దెబ్బ పడి మరొక దెబ్బ పడేలోగా తమ గమ్యం చేరి నిలవాలి. తాళం జోరు పెంచుకొంటూ పోతే ఎక్కడో ఒక సంకేతం ఆలస్యమవుతుంది. పాడేవాడయితే తడబడి ఆగుతాడు, అందరికీ తెలిసిపోతుంది. యంత్రం ప్రతిసారీ అలా ఆగుతుందని లేదు. ఒకటి ఉండవలసిన చోట సున్నను తీసుకొని, ఏమీ జరగనట్టు ముందుకు సాగిపోవచ్చును. ఈ ఒక్క సంగతి నాకు ఆనాడు తెలిసి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన పని ఉండేది కాదు.

ముద్రించిన వేగం కన్న ఎక్కువ వేగం దానిలో ఎక్కడినుండి వచ్చింది? ఒకే సిలికాన్ పలక మీద వందలాది చిప్పులను ఒకేసారి తయారుచేస్తారు. ఒకే చెట్టు కాయలన్నీ ఒకలా పండనట్లే అవీ ఒకలా రావు. ఒక్కొక్కదానిని పరీక్షించి, బాగా వేడెక్కినా, అందే వోల్టేజి కాస్త తగ్గినా ఏ వేగం వరకు తప్పకుండా పనిచేస్తుందో చూసి ముద్ర వేస్తారు. కనుక ముద్రకూ అసలు శక్తికీ నడుమ ఎప్పుడూ కొంత జాగా ఉంటుంది. దీనికి తోడు అంగడి లెక్క ఒకటి. తయారీ బాగా కుదిరిన రోజులలో అధికభాగం మేలురకంగానే వస్తాయి, కొనేవాళ్ళేమో చవకరకాన్ని అడుగుతారు. అప్పుడు మేలైన కాయలే చవకబుట్టలో పడతాయి. అంటే 300 అనే ముద్రలో సగం పరీక్షాఫలితం, సగం వ్యాపారనిర్ణయం.

ఈ రెండవ సగాన్ని జనం చాలా ముందే పసిగట్టారు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పీ.సీ.లోని 8088 ప్రాసెసరు 5 మెగాహెర్ట్జ్‌కు తగినది, నడిచింది 4.77 మీద. టెలివిజను రంగుల సంకేతానికి అవసరమైన 14.318 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్నే మూడుతో భాగించి దీనికీ వాడుకొన్నారు, స్ఫటికం ఖర్చు కలిసివచ్చింది. 1984లో వచ్చిన పీ.సీ. ఏ.టీ.లో 80286 ప్రాసెసరు 6 మెగాహెర్ట్జ్ మీద నడిచేది. అందులోని స్ఫటికం 12ది, దానిని సగం చేస్తే 6. కొందరు సాహసులు ఆ స్ఫటికాన్ని పీకి, 16 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని పెట్టారు. యంత్రం 8 మీద హాయిగా నడిచింది. చవకైన చిన్న వస్తువుతో మూడోవంతు వేగం లాభం! ఐ.బి.ఎం.వారికి ఇది రుచించలేదు. తరువాతి యంత్రాల బయాస్‌లో వేగాన్ని తనిఖీ చేసే ఏర్పాటు పెట్టి, 6ను మించితే యంత్రం మొదలే కాకుండా చేశారు. 1986లో తామే 8 మెగాహెర్ట్జ్ ఏ.టీ.ని విడుదల చేశారు. తాళాలు వేసేవారు, తీసేవారు అన్న ఆట అప్పటినుండి ఆగలేదు.

1992లో 486 డి.ఎక్స్.2తో ఒక కొత్త సంగతి వచ్చింది. బోర్డు 33 మీద నడుస్తుంటే ప్రాసెసరు లోపల దానిని రెట్టింపు చేసుకొని 66 మీద నడిచేది. బయటి తాళం ఒకటి, లోపలి గుణకం ఒకటి, ఈ రెంటి లబ్ధమే ప్రాసెసరు వేగం. పెంటియం రోజులలో ఈ రెంటినీ బోర్డు మీది జంపర్లతో, అంటే చిటికెనవేలి గోరంత ప్లాస్టిక్ తొడుగులతో, మార్చుకోగలిగేవారు. మోసగాళ్ళు దీన్నే సొమ్ము చేసుకొన్నారు. చవక ప్రాసెసరు మీది అచ్చు చెరిపి, పెద్ద అంకె వేసి అమ్మారు. ఈ దొంగముద్రల బెడద చూపి, 1998 నాటికి ఇంటెల్‌వారు పెంటియం 2లో గుణకాన్ని మార్చడానికి వీలులేకుండా బిగించేశారు. దొంగలతోపాటు అభిరుచిగలవారికీ తలుపు మూతపడింది. కాని బయటి తాళం బోర్డు చేతిలోనే మిగిలింది.

ఇక మన కథానాయకుడు. 1998 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి సెలెరాన్ 266లో ఖర్చు తగ్గించడానికి రెండవ అంచె క్యాష్ జ్ఞాపకాన్ని పూర్తిగా తీసేశారు. నత్తనడక అని అందరూ తిట్టిపోశారు. దానికి ప్రాయశ్చిత్తంగా అదే సంవత్సరం ఆగస్టు 24న 300ఏ వచ్చింది. పెంటియం 2లో క్యాష్ 512 కిలోబైట్లే గాని, వేరే చిప్పులలో ఉండి ప్రాసెసరు వేగంలో సగంతో నడిచేది. 300ఏలో క్యాష్ 128 కిలోబైట్లే. అయితే ప్రాసెసరు సిలికాన్ లోనే ఇమిడి పూర్తి వేగంతో నడిచేది. వేగం పెంచినప్పుడు వెనుకబడిపోవడానికి పక్కన వేరే క్యాష్ చిప్పులు లేవన్నమాట. చవకసరుకు తయారుచేయబోయి తమకు తెలియకుండానే ఓవర్‌క్లాకింగ్‌కు అనువైన వస్తువును తయారుచేశారు.

గుణకం నాలుగున్నర, బయటి తాళం 66. గుణిస్తే 300. బయటి తాళాన్ని 100 చేస్తే 450. ఆ ఏప్రిల్‌లోనే వచ్చిన 440 బి.ఎక్స్. చిప్‌సెట్టు బోర్డులు 100 మీద నడవడానికే పుట్టాయి. పైగా 300ఏ విడుదలైన రోజునే పెంటియం 2 450 కూడా విడుదలైంది, వేయింటి చొప్పున కొనేవారికి 669 డాలర్లు. 300ఏ వెల 149. రెండింటి సిలికాన్ తయారీ ప్రక్రియా ఒకటే, 0.25 మైక్రాన్. తైవాను సంస్థ ఏబిట్ వారి బి.హెచ్.6 బోర్డులో జంపర్ల బాధ కూడా లేదు. వేగాన్నీ వోల్టేజినీ తెర మీద బయాస్‌లోనే మార్చుకోవచ్చును. అటువంటి సదుపాయం లేని బోర్డులు, వచ్చిన ప్రాసెసరు 66దా 100దా అన్నది బి-21 అనే పంటిని తడిమి తెలుసుకొనేవి. ఆ పంటి మీద టేపు ముక్క అంటిస్తే చాలు, బోర్డు 100 అని నమ్మేది. మా మనవడు చూసిన కట్టు అదే.

2000లో నేను తెనాలిలో ఒక పాత కంప్యూటరు కొన్నాను. బి.ఎక్స్. బోర్డు, 300ఏ ప్రాసెసరు, అంతకంటె పాత హార్డ్‌డిస్కు. మా నాన్నగారు ఒక శతకానికి టీకాతాత్పర్యాలు వ్రాసి నాలుగు నోటుపుస్తకాలలో విడిచి వెళ్ళారు. వాటిని అచ్చుకు సిద్ధం చేయాలన్నది నా కోరిక. యూనికోడ్ ఇంకా మన ఇళ్ళకు రాలేదు, ఒక ఫాంటు సాఫ్టువేరుతో కొట్టేవాణ్ణి. పుట జరపాలంటే యంత్రం ఆయాసపడేది. ఇంజనీరింగు చదువుతున్న పూర్వవిద్యార్థి ఒకడు వచ్చి చూసి, "మాస్టారూ, మీ మిషన్లో ఇంకో సగం వేగం ఊరికే నిద్రపోతోందండీ" అన్నాడు. బోర్డు మీద 66, 75, 83కు జంపర్లున్నాయి. 100 కావాలంటే టేపు అంటించాలి. టేపు అనగానే నాకు భయం వేసింది. "అత్యాశ వద్దు నాయనా, నడిమి మెట్టు చాలు" అని 83 పెట్టించుకొన్నాను. వేగం 375 అయింది. యంత్రం వెంటనే మొదలైంది, ఒక్కనాడూ మొరాయించలేదు. నా మితవాదానికి నేనే మురిసిపోయాను.

2001 అంతా కూర్చుని నాలుగు పుస్తకాలూ కొట్టాను. ఫ్లాపీలలో నకళ్ళూ తీశాను. 2002 వానాకాలంలో నోటుపుస్తకాలున్న బీరువాకు చెదలు పట్టింది. మూడు పుస్తకాలు మట్టి అయ్యాయి. నిజం చెప్పాలంటే అప్పుడు పెద్దగా బాధపడలేదు. అంతా కంప్యూటరులో భద్రంగా ఉన్నది కదా అనుకొన్నాను.

ఆ దసరా సెలవులలో అచ్చుదిద్దడానికి కూర్చున్నాను. మొదట కనిపించిన తప్పులు నా చేతితప్పులే అనుకొన్నాను. కాని ఒకచోట హల్లు లేకుండా ఒత్తు ఒక్కటే గాలిలో వ్రేలాడుతున్నది. మరొకచోట మాట మధ్యలో ఒక అంకె. మనిషి చేసే తప్పుకు ఒక తీరు ఉంటుంది. ముప్పైయేళ్ళు పిల్లల పత్రాలు దిద్దినవాడికి అది తెలుస్తుంది. ఇవి మనిషి తప్పులు కావు. ఫ్లాపీలు తెరిచి చూస్తే వాటిలోనూ అవే తప్పులు, చెడిన ప్రతినుండే నకలు తీశాను గనుక.

పద్యాల విషయంలో పెద్ద నష్టం లేదు. గణం తప్పితే దొరుకుతుంది, యతి తప్పితే దొరుకుతుంది, ప్రాస తప్పితే కంటికే తగులుతుంది. మన పూర్వులు పద్యానికి పెట్టిన కట్టుబాట్లు వ్రాయసకాని తప్పు పట్టే సాధనాలు కూడాను. పైగా పద్యాలు అచ్చులో ఉన్నవే. టీక వచనం. దానికి యతీ లేదు, ప్రాసా లేదు. 'అనుట' ఉన్నచోట 'అనుచు' అయినా వాక్యం నడిచిపోతుంది, మా నాన్నగారన్నది ఏదో చెప్పే ఆధారం లేదు.

పూర్వవిద్యార్థికి కబురుపెట్టాను. అతడు చేసిన దర్యాప్తు చెప్పదగినది. ముందుగా ప్రైమ్95 అనే ప్రోగ్రామును రాత్రంతా నడిపాడు. జార్జి వోల్ట్‌మన్ అనే ఆయన 1996లో మహా ప్రధానసంఖ్యల అన్వేషణ కోసం ఆరంభించిన ఉద్యమంలోనిది అది. ప్రాసెసరుచేత బ్రహ్మాండమైన గుణకారాలు చేయిస్తుంది. పూర్ణాంకాలు రావలసిన చోట దశాంశం సగానికి చేరువగా వస్తే, లెక్క తప్పిందని ఆపేస్తుంది. ముందే తెలిసిన జవాబులతోనూ పోల్చి చూస్తుంది. ప్రాసెసరు దోషాన్ని ప్రధానసంఖ్యలు పట్టడం కొత్త కాదు. 1994లో వర్జీనియాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్‌లీ కవల ప్రధానసంఖ్యల లెక్క వేస్తూ, పెంటియం ప్రాసెసరు భాగహారంలోనే తప్పున్నదని కనుగొన్నారు. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావలసింది 1.33373 వచ్చేది. ఆ చిప్పులు మార్చి ఇవ్వడానికి ఇంటెల్‌వారు 47 కోట్ల 50 లక్షల డాలర్లు కేటాయించవలసివచ్చింది. అది ముద్రించిన వేగంలోనే జరిగిన తప్పు!

తెల్లవారింది, ప్రైమ్95లో ఒక్క దోషమూ లేదు. ప్రాసెసరు నిర్దోషి. తరువాత ఒక పెద్ద ఫైలును పదిసార్లు నకలు తీసి, డాస్‌లోని ఎఫ్.సి. ఆజ్ఞతో అసలుతో పోల్చాడు. రెండు నకళ్ళలో తేడాలు. జంపరు 66కు తెచ్చి మళ్ళీ అదే చేశాడు. తేడాలు లేవు. అప్పుడు విషయం విప్పి చెప్పాడు. హార్డ్‌డిస్కు వైపు వెళ్ళే పి.సి.ఐ. దారి 33 మెగాహెర్ట్జ్ మీద నడవాలి. దానికి వేరే తాళం లేదు, బయటి తాళాన్నే భాగించి ఇస్తారు. 66 అయితే రెండుతో, 100 అయితే మూడుతో, రెండు విధాలా 33. నా బోర్డు 83ను కూడా రెండుతోనే భాగించింది, అంటే దాదాపు 42. పాత డిస్కు ఆ వేగాన్ని అందుకోలేక అక్షరాలు జారవిడిచింది. అల్ట్రా డి.ఎం.ఏ. పద్ధతి వచ్చిన తరువాతి డిస్కులలో, పంపిన దానికి యతిప్రాసలవంటి సరిచూపు సంఖ్య ఒకటి జతచేసి పంపుతారు, తేడా వస్తే మళ్ళీ పంపుతారు. నా డిస్కు అంతకు ముందుది.

అంటే ధైర్యం చేసి 100 పెట్టుకొన్నవాడి ఫైళ్ళు భద్రం, మితంగా పోదామని నడుమ ఆగినవాడివి ధ్వంసం! ఇది తలచుకొన్నప్పుడల్లా ఇప్పటికీ నవ్వు రాదు.

పట్టుదల వచ్చి ఆ వేసవిలో, అంటే 2003లో, టేపు అంటించి 100 కూడా చూశాం. ఈసారి ఒక నోటుపుస్తకం పెట్టి, ఒకసారికి ఒక్క మార్పే అని నియమం పెట్టుకొన్నాను. మొదటిరోజు ప్రైమ్95 పదకొండు నిమిషాలకే తప్పు చూపి ఆగింది. మెమ్‌టెస్ట్86 నడిపితే తెరనిండా ఎర్రగీతలు. 66కు తగిన ర్యామును 100 మీద పరుగెత్తిస్తున్నాం. పీ.సీ.100 ర్యాము తెచ్చి వేస్తే ఎర్రగీతలు పోయాయి. ప్రైమ్95 రాత్రి ఎంతసేపైనా నడిచేది, పగలు మూడింటికి మాత్రం ఆగిపోయేది. అదీ నోటుపుస్తకంలో వేళలు వ్రాసుకోబట్టి తెలిసింది. పాశ్చాత్యదేశాలవారు ఇరవై రెండు డిగ్రీల గదిలో కూర్చుని వ్రాసిన లెక్కలు మే నెలలో మా ఇంటికి పనికిరావు. రెక్కలూ ఫ్యానూ ఎంత పెద్దవైనా ప్రాసెసరును గదిగాలి కన్న చల్లబరచలేవు. మా గదిగాలి ముప్పైతొమ్మిది.

వోల్టేజి 2.0 నుండి 2.2కు పెంచితే నిలబడుతుందన్నాడు శిష్యుడు. మరికొన్ని పళ్ళకు టేపు వేస్తే అదీ సాధ్యమేనట. కాగితం మీద లెక్క వేశాను. వేడి వేగంతోపాటు పెరుగుతుంది, వోల్టేజికి మాత్రం వర్గంగా పెరుగుతుంది. ఒకటిన్నరను 1.21తో గుణిస్తే 1.8కి పైమాట. దాదాపు రెండింతల వేడి, తెనాలి ఎండలో! వద్దన్నాను. రెక్కల నడుమ పేరుకొన్న దుమ్ము పాత టూత్‌బ్రష్షుతో దులిపి, ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది పూసి, పెద్ద ఫ్యాను బిగించాం. ఇరవైనాలుగు గంటలు నడిచింది. నకళ్ళు తీసి పోల్చాం, తేడా లేదు. ఎట్టకేలకు 450!

ఆ తరువాతి చరిత్ర మీలో చాలామందికి నాకంటె బాగా తెలుసు. 2000లో వచ్చిన ఏ.ఎం.డి. డ్యూరాన్, థండర్‌బర్డ్ చిప్పుల మీద తెగిన బంగారు చుక్కలను పెన్సిలు సీసంతో కలిపి గుణకం తెరిచేవారు (మా బడిపిల్లల పెట్టెలోని పెన్సిలే). క్రమంగా తాళాలు తీయడం కూడా తయారీదారుల వ్యాపారమయింది. తాళం వేయనిదానికి ఎక్కువ ధర పెట్టి, పేరు చివర కె అన్న అక్షరం తగిలించి అమ్మసాగారు. 2008 చివర వచ్చిన నెహలెం తరంతో, వీలు దొరికినప్పుడు ముద్రించిన వేగాన్ని మించి తానే పరుగెత్తే టర్బో బూస్ట్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోకి వచ్చింది. చిప్పులో మిగిలి ఉండే జాగా అంతా ఇప్పుడు వారే వాడేసుకొంటున్నారు. ఆ జాగా లేకపోతే ఏమవుతుందో 2024లో చూశాం. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు, కొన్నవారు ఏమీ మార్చకపోయినా, లోపలి మైక్రోకోడు అవసరానికి మించి వోల్టేజి అడగడంవల్ల కాలక్రమాన అస్థిరమయ్యాయి. ఆగస్టులో సవరణ విడుదల చేసి, హామీని రెండేళ్ళు పొడిగించారు.

నా 450 ప్రాసెసరు మరో నాలుగేళ్ళు పనిచేసింది. దానిమీదనే పద్యాలన్నీ సరిచూసుకొన్నాను. మిగిలిన ఒక్క నోటుపుస్తకం ఆధారంగా మొదటి ఇరవై ఆరు పద్యాల టీక పూర్తిగా దిద్దాను. తక్కిన టీకలో నలభైమూడు చోట్ల నాన్నగారి మాట ఏదో తేలలేదు. నాకు తోచిన మాట వేయడానికి చేయి రాక చుక్కలు పెట్టి వదిలాను.

పలకను మనవడు ఆడుకోవడానికి అడిగాడు. ఇచ్చాను. టేపు మాత్రం పీకవద్దన్నాను.